రెండుమారులు తట్టిన దూత

ధ్యానభాగము: 1 రాజులు 19:1–8



ఏలీయా కర్మెలు పర్వతముమీద జయము పొందిన కొలది దినములకే అరణ్యమునకు పారిపోయి, ఒక బదరీచెట్టు నీడను కూలబడి, ఇక తన ప్రాణము తీసికొమ్మని దేవుని బతిమాలుకొనెను. దేవుడు అతని యొద్దకు ఒక దూతను పంపెను. ఆ దూత ఏమి చేసెనో గమనించుడి. ప్రసంగము చేయలేదు. అవిశ్వాసివని గద్దింపలేదు. చెయ్యివేసి తట్టి లేపి, నిప్పులమీద కాలిన రొట్టెను, ప్రక్కనున్న నీళ్లను చూపెను. ఏలీయా తిని, త్రాగి, మరల పండుకొనెను. దూత రెండవమారు వచ్చి మరల తట్టెను, మరల తినుమనెను. ముందున్న దారి ఇతని శక్తికి మించినదని అతడెరుగును. హోరేబునకు పోవు దారిని దేవుడు ఒక్క ఆమడయైనను తగ్గింపలేదు గాని, నడువవలసినవానికి సేదదీర్చెను.

ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరి, గడ్డను పూర్తిగా తీసివేయుట సాధ్యము కాదని విని ఇంటికి వచ్చినవారు మన గ్రామములలో నున్నారు. వారిని రాత్రింబగళ్లు వేధించునది నొప్పి మాత్రమే కాదు, దగ్గు. దగ్గు తెర వచ్చినప్పుడు అన్నము దిగదు, నిద్ర పట్టదు, మాట సాగదు. ప్రక్కటెముకలు నొప్పిపుట్టును, ఒక్కొక్కప్పుడు ఎముక చిట్లుటయు కలదు. పదిమందిలో దగ్గుటకు సిగ్గుపడి ఆరాధనకు రాక ఇంటనే నిలిచిపోవుదురు.

వారి ఇంటివారు నన్నడుగు మాట ఇది: "అయ్యగారండీ, జబ్బు ఎలాగూ నయం కాదన్నారు గదా, ఇంక దగ్గుకు మందెందుకండీ?" మరికొందరు, "ప్రార్థన చేస్తూ మళ్లీ మందు మింగితే విశ్వాసం లేనట్టు కాదా అండీ?" అందురు. ఈ రెండు ప్రశ్నలకును బదరీచెట్టు క్రిందనే జవాబున్నది. దారి తగ్గింపని దేవుడే రొట్టె పంపెను. నయము కాని చోట బాధను తగ్గించుటయు ఆయన పనియే. హిజ్కియా రోగియై కన్నీటితో ప్రార్థించినప్పుడు దేవుడు ఆలకించెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద కట్టుమనెను. ప్రార్థనయు, పట్టును ఒకే మంచమునొద్ద నుండెను.

దూత పనిలో మూడు సంగతులు మనము నేర్చుకొందుము.

మొదటిది, అతడు నిందింపలేదు. ఈ వ్యాధి పేరు వినగానే, చుట్ట కాల్చిన ఫలమని ఊరు తీర్పు చెప్పును. పొగాకు దీనికి ముఖ్యకారణమను మాట నిజమే. యౌవనులు దానిని ముట్టకుందురు గాక. అయితే బ్రతుకంతటిలో ఒక్క బీడీయైనను కాల్చనివారికిని ఇది వచ్చుచున్నది. ఏండ్లతరబడి కట్టెలపొయ్యి పొగ పీల్చిన తల్లులును వారిలో నున్నారు. పుట్టుగ్రుడ్డివాని చూచి, ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు ఆ లెక్కను ప్రక్కకు నెట్టి కన్నులు తెరచు పనికి పూనుకొనెను. ఊపిరాడక దగ్గువానికి కావలసినది గుక్కెడు నీళ్లిచ్చు చెయ్యి గాని, లెక్క అడుగు నోరు కాదు.

ఇంకొక మాట. క్యాన్సరు దగ్గువలన అంటదు. అట్టివానికి పళ్లెము, గ్లాసు వేరు పెట్టి దూరముగా నుంచుట అన్యాయము. అంటునది క్షయ, అది సరియైన మందులతో నయమగును. కాబట్టి రెండు వారములు దాటిన దగ్గు ఎవరికున్నను తెమడ పరీక్ష చేయించుకొనవలెను. మన దేశములో క్యాన్సరును క్షయ యని పొరబడి నెలలు పోగొట్టుకొనుటయు కలదు. మందు వాడుచున్నను దగ్గు తగ్గనియెడల మరల చూపించుకొనవలెను.

రెండవది, దూత చూపినది తినదగిన రొట్టె, త్రాగదగిన నీళ్లు. మన ప్రేమయు చేతికందునదిగా నుండవలెను. మొట్టమొదట, ఈ దగ్గు దేనివలన వచ్చుచున్నదని డాక్టరుగారిని అడుగుడి. కారణమును బట్టి చికిత్స మారును. ఊపిరితిత్తి చుట్టు నీరు చేరినయెడల దానిని సూదితో తీసివేసిన తేలిక కలుగును. గడ్డ గాలిగొట్టమును ఒత్తుచున్నయెడల కొలది దినముల రేడియేషను ఇచ్చుటయు కలదు. తెమడలో పుట్టిన అంటువ్యాధికిని, వాపునకును, పులిత్రేన్పులకును వేర్వేరు మందులున్నవి. రక్తపుపోటుకు వాడు ఎనాలాప్రిల్ వంటి మాత్రలవలన పొడిదగ్గు వచ్చుట కలదు. కాబట్టి వాడుచున్న మాత్రలన్నియు డాక్టరుగారికి చూపుడి. మీ అంతట మీరు ఏదియు మానవద్దు.

ఇంటిలో చేయదగినవియు కలవు. రోగిని వెల్లకిల పండుకొనబెట్టక, వీపు వెనుక దిండ్లు పెట్టి తల, రొమ్ము ఎత్తుగా నుంచుడి. పొడిదగ్గు వచ్చునప్పుడు గోరువెచ్చని నీళ్లు కొంచెము కొంచెముగా చప్పరింపవచ్చును. చెంచాడు తేనె గొంతునకు హాయినిచ్చును. అది గడ్డను కరిగింపదు, చక్కెరవ్యాధి గలవారు జాగ్రత్తపడవలెను. తెమడ గలవాడు కొంచెము ముందుకు వంగి కూర్చుండి, నెమ్మదిగా గాలి పీల్చుకొని, అద్దముమీద ఆవిరి పట్టునట్లు నోరు తెరచి "హా" యని ఊపిరి వదలినయెడల, గట్టిగా దగ్గకయే తెమడ పైకి వచ్చును. దగ్గునప్పుడు రొమ్మునకు దిండు హత్తుకొన్నచో ప్రక్కల నొప్పి తగ్గును. ఊపిరి చాలనప్పుడు తాటాకు విసనకర్రతో ముఖముమీదికి మెల్లగా విసరుడి. ఆ చల్లగాలి ఆయాసమును తగ్గించును. ఆ గదిలో పొయ్యి పొగ, దోమల చుట్ట, బీడీ, ఊడ్చిన దుమ్ము ఉండరాదు.

దగ్గులో రక్తము కనబడినయెడల దాచక డాక్టరుగారికి చెప్పుడి. ఎక్కువగా పడినను, ఆయాసము అకస్మాత్తుగా పెరిగినను, ముఖము, మెడ ఉబ్బినను, జ్వరము వచ్చినను ఆలస్యము చేయవద్దు. రక్తము ఎక్కువగా పడునప్పుడు, గడ్డ ఏ ప్రక్కనున్నదో ఆ ప్రక్కకు ఒత్తిగిలి పండుకొనబెట్టి, ముదురురంగు గుడ్డ అడ్డుపెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మూడవది, దూత రెండుమారులు వచ్చెను. ఉపశమనము ఒక్కసారి ఇచ్చి ముగించునది కాదు. కోడీన్, మార్ఫిన్ అను మందులు చిన్న మోతాదులో మొండి దగ్గును తగ్గించును. సాధారణమైన మార్ఫిన్ మాత్ర పనిచేయునది సుమారు నాలుగు గంటలే. కావున బాధ ముదిరినదాక ఆగక, వైద్యుడు చెప్పిన వేళకు ఇయ్యవలెను. మార్ఫిన్ పేరు విని అనేకులు భయపడుదురు. వైద్యుని చేతిక్రింద ఈలాగు వాడువాడు మత్తునకు దాసుడగుట అరుదు. ఇది ప్రాణము తీయు మందును కాదు, కడపటి ఘడియకని దాచుకొనవలసినదియు కాదు. మొదటి దినములలో మగతయు వాంతియు కలుగవచ్చును. మలబద్ధకము తప్పక వచ్చును గనుక విరేచనపు మందును తోడుగా అడుగుడి. మాత్రలను పిల్లలకందకుండ దాచుడి, ఇతరులకు ఇయ్యవద్దు.

ఈ సేవకు చరిత్రయున్నది. సిసిలీ సాండర్స్ అను క్రైస్తవ స్త్రీ మొదట నర్సుగా పనిచేసి, తరువాత వైద్యురాలై, 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ అను ఆశ్రయమును తెరచెను. నయము కానివారికి మార్ఫినును వేళ తప్పక నోటిద్వారా ఇచ్చి, దేహమునకును మనస్సునకును ఆత్మకును కలుగు బాధను ఒక్కటిగా చూడవలెనని ఆమె నేర్పెను. మన దేశములో 1986లో బొంబాయియందు శాంతి అవేదన సదనమును, 1993లో కోళిక్కోడులో ఉపశమన సేవాసంఘమును ఆరంభమాయెను. మార్ఫిన్ దొరకుటకు అడ్డుగానున్న చట్టపు చిక్కులు 2014 సవరణతో కొంత సడలినవి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగమున్నది. "ఇక చేయగలది లేదు" అను మాట విని ఇంటికి రావద్దు. ఉపశమన చికిత్స ఎక్కడ దొరకునని అడిగి రండి.

ఇప్పుడు మంచముమీద నున్న సహోదరునితో, సహోదరితో ఒక మాట. దగ్గు అడ్డుపడి ప్రార్థన పూర్తిచేయలేకపోవుచున్నానని నీవు కంటతడి పెట్టుచున్నావేమో. మాటలు చాలని చోట ఆత్మయే మూలుగులతో మన పక్షమున వేడుకొనునని పౌలు రోమీయులకు వ్రాసెను. మధ్యలో తెగిపోయిన నీ ప్రార్థనను అవతలి కొస ఆయన పట్టుకొనియున్నాడు. ఒక్క "ప్రభువా" అను పిలుపు చాలును. మందు పుచ్చుకొని ఆ రాత్రి నిద్రపోయినయెడల, ఆ నిద్రయు దేవుని చేతినుండియే వచ్చినదని పుచ్చుకొనుము. ఏలీయాయు తిని నిద్రపోయెను. దేవుడు అతనిని తప్పు పట్టలేదు.

సంఘస్థులారా, మీకును పనియున్నది. రాత్రులు మేలుకొనియుండు భార్యకు, కోడలికి ఒక్కరాత్రియైనను విశ్రాంతి దొరకునట్లు వంతులు వేసికొనుడి. ఆసుపత్రికి పోవు బస్సు ఖర్చును స్త్రీల సమాజము చూచుకొనవచ్చును. పరామర్శకు పోయినప్పుడు పొడుగైన ప్రార్థనలు చేయవద్దు, రోగిచేత మాటలాడింపవద్దు. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మెదపక కూర్చుండిన కాలమే వారు చేసిన మేలు. గుడిలో కిటికీ ప్రక్కను ఒక కుర్చీ వేయుడి. ఆ కుర్చీలో కూర్చున్నవారు దగ్గినప్పుడు ఎవరును తల త్రిప్పి చూడకుందురు గాక. ప్రసంగించువాడు ఆగి, ఆ దగ్గు తీరువరకు కనిపెట్టి, తరువాత చెప్పవచ్చును. వాక్యము ఎక్కడికిని పోదు.

ఒకమారు పోయి చూచివచ్చితిమని తృప్తిపడక, దూతవలె రెండవమారును పోవుదము.

ప్రార్థన: ప్రభువా, సిలువమీద దప్పిగొన్న నీవు ఎండిన గొంతును ఎరుగుదువు. ఈ రాత్రి దగ్గుచున్నవారికి ఊపిరిని, నిద్రను దయచేయుము. వారియొద్ద మేలుకొనియున్నవారికి బలమిమ్ము. మా చేతులను వారికి నీళ్లందించు చేతులుగా చేయుము. ఆమేన్.