రోడ్డు ముందుగా ఎవరి వీధికి?



పంచాయతీకి సిమెంటు రోడ్డు మంజూరైందంటే ఊళ్లో అందరికీ సంతోషమే. ఆ వెంటనే పేచీ కూడా మొదలవుతుంది. వచ్చిన డబ్బు ఒక్క వీధికే చాలుతుంది. ముందు ఎవరి వీధికి వేయాలి? రచ్చబండ వీధికా, బడి వీధికా, కాలువ అవతల ఉన్న పేటకా? చాలా చోట్ల ఈ తగవును చేతులెత్తించి తీరుస్తారు. ఎక్కువమంది ఏ వీధి అంటే ఆ వీధే. అయితే ఎక్కువమంది కోరినంత మాత్రాన అది న్యాయమవుతుందా? ఇది రాజకీయాలకు సంబంధించిన ప్రశ్న, గుడికి దీనితో పనిలేదు అని కొందరంటారు. పొరుగువానికి దక్కవలసినది దక్కిందా లేదా అనేది నీతికి సంబంధించిన ప్రశ్న. కాబట్టి విశ్వాసులు దీనిని తప్పించుకోలేరు.

ముందుగా చట్టం మన చేతికి ఏమి ఇచ్చిందో చూద్దాం. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను రాజ్యాంగం పదకొండవ షెడ్యూలులో చేర్చారు. రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, తాగునీరు అందులో ఉన్నాయి. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. దీనికి ఎంతో ముందే, 1931లో, 11వ పయస్ పోపుగారు తమ విశ్వలేఖలో చిన్న సంఘం చేసుకోగలిగిన పనిని పెద్ద సంఘం లాక్కోవడం అన్యాయమని బోధించారు. ఊరి రోడ్డు సంగతి ఊరివారే తేల్చుకోవడం శ్రీసభకు ఇష్టమైన పద్ధతే. కాని అధికారం దగ్గరకు వచ్చినప్పుడు బాధ్యత కూడా దగ్గరకు వస్తుంది. ఢిల్లీలో ఉన్నవారికి మన కాలువ అవతలి పేట తెలియకపోవచ్చు. మనకు తెలియదని మనం చెప్పలేము.

పునీత తోమాసు అక్వినాసు, అరిస్టాటిలును అనుసరించి, ఇచ్చిపుచ్చుకొనే న్యాయం వేరు, ఉమ్మడి సొత్తును పంచిపెట్టే న్యాయం వేరు అని వివరించారు. అంగడిలో ధరకు తగిన సరుకు ఇస్తే చాలు. పంచిపెట్టేటప్పుడు మాత్రం ఎవరికి ఎంత తగునో చూడాలి. ఒక ఇంట్లో నలుగురు పిల్లలున్నారనుకోండి. ఒకడికి జ్వరం. చేతిలో ఉన్న డబ్బు మందుకు చాలుతుంది, లేదా అందరికీ మిఠాయికి చాలుతుంది. తల్లి ఓటింగు పెడితే ముగ్గురు మిఠాయి అంటారు. ఏ తల్లీ ఆ ఓటింగు పెట్టదు. ముగ్గురి మీద ప్రేమ తక్కువై కాదు, ఒకడి అవసరం ఎక్కువై. ఉమ్మడి మేలు అంటే ఎక్కువమంది మేలు అని అర్థం కాదు. ఆ లెక్కలో జ్వరంతో ఉన్న బిడ్డ కూడా ఉండాలి.

ప్రభుత్వాల అనుభవం కూడా ఇదే చెబుతోంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతాల్లో 500 జనాభా ఉండి రోడ్డు లేని ఊళ్లను లెక్కలోకి తీసుకుంది. కొండ, గిరిజన ప్రాంతాలకు ఆ సంఖ్యను 250గా పెట్టారు. బాగా వెనుకబడిన ఆదిమ తెగల కోసం 2023లో వచ్చిన ప్రధానమంత్రి జన్‌మన్ పథకంలో 100 జనాభా ఉన్న ఆవాసాలకూ అవకాశం కల్పించారు. అంకె ఎందుకు తగ్గుతూ వచ్చింది? విశాఖ మన్యంలో నెలలు నిండిన తల్లులను డోలీ కట్టి కొండ దిగి మోసుకొచ్చిన వార్తలు మనమందరం చదివాము. ఆ తల్లి నొప్పులకు తన గూడెం జనాభా ఎంతో తెలియదు. డబ్బు పంచడానికి అంకె కావాలి, నిజమే. ఆ అంకె మనిషి విలువను నిర్ణయించకూడదు.

"పది ఇళ్ల కోసం లక్షలు ఖర్చు పెట్టడం దుబారా కాదా?" అని అడిగేవారున్నారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. ఊరందరూ ఆసుపత్రికి వెళ్లే పెద్ద రోడ్డే తెగిపోతే ముందు దానినే బాగుచేయాలి, ఎందుకంటే పేటవారు వెళ్లేదీ దాని మీదుగానే. చూడవలసిన వరుస ఇది: దారి లేనివారికి ముందు దారి, ఆ తర్వాత దారి ఉన్నవారికి మంచి దారి. సిమెంటుకు డబ్బు చాలకపోతే కంకర పోసి, కాలువ మీద ఒక తూము కట్టినా వర్షాకాలం గడుస్తుంది.

అదే విధంగా, "అందరి మేలు" అనే మాటతో పేదవాని స్థలాన్ని ఊరకే కలుపుకోవడమూ తప్పే. ఆహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను కాజేసినప్పుడు ప్రభువు ఏలియా ప్రవక్తను ఊరకే పంపలేదు. రోడ్డుకు భూమి కావలసి వస్తే అడిగి, నష్టపరిహారం చెల్లించి తీసుకోవాలి. వీధిలోకి మెట్లు, అరుగులు జరిపి కట్టుకున్నవారి సంగతి వేరు. అది అందరి సొత్తు, వెనక్కి ఇవ్వవలసినదే. అందులో మన క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయని మరువకండి.

మన విచారణలకు ఒక ప్రత్యేకమైన శోధన ఉంది. ఎన్నికలప్పుడు నాయకుడు వచ్చి గుడి ముందు రోడ్డు వేయిస్తానని మాట ఇస్తే, ఓట్లన్నీ గంపగుత్తగా ఆయనకే అని పెద్దలు తలూపుతారు. గుడి ముందు ఇప్పటికే నడవదగిన దారి ఉండి, పేటలో మోకాటి లోతు బురద ఉంటే, ఆ రోడ్డు మనం అడగవలసినది కాదు. పూజకు వచ్చే ముసలమ్మ బురదలోంచే నడిచి వస్తోంది గదా.

యెరూషలేము ప్రాకారాన్ని తిరిగి కట్టినప్పుడు ఎవరు ఏ భాగం కట్టారో నెహెమ్యా గ్రంథం పేరుపేరునా చెబుతుంది. తెకోవ పెద్దమనుషులు మాత్రం పనికి భుజం ఇవ్వలేదని కూడా అందులో వ్రాసి ఉంది. గ్రామసభ రోజున ఇంట్లో కూర్చుని, తర్వాత అరుగు మీద విమర్శించేవారు ఆ పెద్దమనుషుల వంటివారే. సభకు వెళ్లండి. అంచనా కాగితం చూపించమని అడగండి. 2005 సమాచార హక్కు చట్టం ఆ అధికారం మీకిచ్చింది. మందం తగ్గించి పోసిన సిమెంటు కూడా దొంగతనమే.

స్నాపక యోహాను ప్రభువు రాకకు దారి సిద్ధం చేయమన్నప్పుడు, పల్లపు నేలను పూడ్చడం ఆ పనిలో ముందుగా చెప్పబడింది. కనుక వచ్చే గ్రామసభలో మీ వీధి పేరు చెప్పే ముందు, పోయిన వర్షాకాలం ఏ పేటకు అంబులెన్సు రాలేకపోయిందో ఆ పేట పేరు చెప్పండి. అక్కడివారు ఓట్లలో తక్కువైనా, మీ నోట వారి పేరు ముందుగా రావాలి.

ప్రభువు మీ కుటుంబాలను దీవించుగాక.