వేషం మారినా మనస్సాక్షి మారరాదు



పునీత లూకా సువార్త 20వ అధ్యాయంలో ఒక సంఘటన ఉంది. ప్రధానార్చకులు, ధర్మశాస్త్ర బోధకులు యేసుప్రభువును పట్టుకోవడానికి అదను చూస్తున్నారు. ప్రజలకు భయపడి నేరుగా చేయి వేయలేకపోయారు. అందుకని నీతిమంతులుగా నటించే వేగులవారిని పంపారు. ఆ వచ్చినవాళ్ళు మొదట ప్రభువును పొగిడారు. తర్వాత చక్రవర్తికి పన్ను చెల్లించవచ్చునా, కూడదా అని అడిగారు. చెల్లించవచ్చునంటే ప్రజలు తిరగబడతారు. కూడదంటే రోమా అధిపతికి పట్టివ్వవచ్చు. ప్రభువు వారి కపటాన్ని గ్రహించి ఒక దెనారము చూపించమన్నాడు. వాళ్ళు జవాబు విని నోరు మూసుకున్నారు.

ఈ సువార్త భాగాన్ని మనం సాధారణంగా పన్నుల సంగతి చెప్పుకోవడానికే చదువుతాం. ఈ వారం మరొక ప్రశ్న వేసుకుందాం. మారువేషంలో వెళ్ళి, మనిషిని నమ్మించి, మాటల్లోకి దించి పట్టుకోవడం ధర్మమేనా?

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల విచారణల్లో పోలీసు ఉద్యోగాలు చేసే బిడ్డలున్న కుటుంబాలున్నాయి. అనంతపురం పోలీసు శిక్షణ కళాశాలలో తర్ఫీదు పొంది వచ్చిన కుర్రవాడిని ఒకరోజు మఫ్టీలో మట్కా బీటరు దగ్గరకు చీటీ రాయించుకోమని పంపుతారు. మరొకరోజు కర్ణాటక మద్యం సరిహద్దు దాటించే వాళ్ళ దగ్గరకు కొనేవాడిలా వెళ్ళమంటారు. పై అధికారి చెప్పాడు కాబట్టి వెళ్తాడు. కానీ ఆదివారం దివ్యపూజలో కూర్చున్నప్పుడు, అబద్ధమాడరాదు అన్న దేవుని ఆజ్ఞ అతనికి గుర్తుకు వస్తుంది. "నేను చేసింది పాపమా?" అని అడిగే బిడ్డకు తల్లిదండ్రులైనా, గురువులైనా సరైన జవాబు చెప్పగలగాలి.

శ్రీసభకు ఈ ప్రశ్న కొత్తది కాదు. సుమారు క్రీ.శ. 420లో పునీత అగుస్తీనుగారికి కొన్సెంతియుస్ అనే వ్యక్తి సరిగ్గా ఇదే విషయం రాశాడు. స్పెయిన్ దేశంలో ప్రిస్కిల్లియను మతస్థులు తమ విశ్వాసాన్ని దాచుకోవడానికి అబద్ధమాడవచ్చునని నమ్మేవారు. వాళ్ళను బయటపెట్టడానికి కతోలికులు తామూ ఆ మతంవారమేనని నటించి లోపలికి చొరబడితే తప్పేమిటని కొందరి వాదన. అగుస్తీనుగారు దానికి ఒక గ్రంథమే రాసి, కుదరదని జవాబు చెప్పారు. అబద్ధాన్ని పట్టుకోవడానికి మనమే అబద్ధికులమైతే, చివరికి ఎవరు ఎవరిని మార్చినట్టు అన్నది ఆయన వాదనలోని సారం.

పునీత తోమాసు అక్వినాసుగారు కూడా అబద్ధం అన్నివేళలా తప్పేనన్నారు. అయితే సత్యాన్ని దాచడం వేరు, అసత్యం పలకడం వేరు అని చూపించారు. యుద్ధంలో పొంచి ఉండటం తప్పా అన్న ప్రశ్న వేసుకుని, హాయి పట్టణం వెనుక మాటు వేయమని దేవుడే యెహోషువకు ఆజ్ఞాపించాడని గుర్తు చేశారు. మన ఆలోచన శత్రువుకు చెప్పవలసిన పనిలేదు. ఇచ్చిన మాట మాత్రం శత్రువు విషయంలోనైనా తప్పకూడదు. శత్రువుల నుంచి దాగడానికి వేషం మార్చుకోవడం అవసరాన్నిబట్టి పాపం కాదని కూడా ఆయన చెప్పారు. అంటే ఖాకీ చొక్కా విప్పి మామూలు చొక్కా తొడుక్కున్నంత మాత్రాన పోలీసు అబద్ధికుడు కాడు.

ఇటీవలి కాలంలోనూ శ్రీసభ ఈ విషయాన్ని తూచి చూసింది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథంలో, సత్యం తెలుసుకునే హక్కు ఉన్నవాడిని తప్పుదారి పట్టించడమే అబద్ధమన్నట్టు నిర్వచనం ఉండేది. 1997లో ప్రకటించిన సవరించిన ప్రతిలో ఆ 'హక్కు' అన్న మాటను నిర్వచనం నుంచి తీసివేశారు. అయితే తెలుసుకునే హక్కు లేనివాడికి సత్యం వెల్లడించవలసిన బాధ్యత ఎవరికీ లేదన్న బోధ అలాగే నిలిచింది. దొంగకు మన ఇంటి బీరువా తాళం ఎక్కడుందో చెప్పనక్కరలేదు. అలాగని దొంగ దొరికాడు గనుక ఏ మాటైనా ఆడవచ్చు, ఏ పనైనా చేయవచ్చు అని కాదు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన చెడ్డ పని మంచిది కాదు.

ఇక మన దేశ చట్టం ఏమంటుందో చూద్దాం. మారువేషపు పోలీసు పని అంతటికీ కలిపి మనకు ప్రత్యేక చట్టం లేదు. అక్కడక్కడ కొన్ని నియమాలున్నాయి. సమాచారం ఎవరిచ్చారో చెప్పమని పోలీసు అధికారిని బలవంతం చేయరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 125వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ రక్షణను నిలిపింది. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదన్న పాత నియమం కూడా కొనసాగుతోంది. మాదకద్రవ్యాల చట్టంలో 2001 సవరణ ద్వారా, సరుకును వెంటనే పట్టుకోకుండా నిఘాలో సాగనిచ్చి అసలువాళ్ళ దాకా వెళ్ళే అధికారం ఇచ్చారు.

మనకు బాగా తెలిసినది ఏసీబీ ట్రాప్. లంచం అడిగారని ఫిర్యాదుదారు వస్తాడు. నోట్ల నంబర్లు మధ్యవర్తుల ఎదుట రాసుకుంటారు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. తీసుకున్నవాడి వేళ్ళు సోడియం కార్బొనేటు నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబి రంగుకు మారతాయి. కానీ రంగు మారినంత మాత్రాన నేరం రుజువు కాదు. లంచం అడిగినట్టు, తీసుకున్నట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నీరజ్ దత్తా కేసులో స్పష్టం చేసింది. అడగనివాడి జేబులో డబ్బు కుక్కి పట్టుకోవడం ట్రాప్ కాదు, మోసం.

అంతకన్నా ముందే, 1956లో రాంజనం సింగ్ కేసులో సుప్రీంకోర్టు మనం గుర్తుంచుకోదగిన మాట చెప్పింది. మనిషి స్వభావం ఎటువంటిదైనా సరే, అతని బలహీనత తట్టుకోలేనంతగా అతనిని ప్రలోభపెట్టి నేరంలోకి తోయరాదు, చట్టాన్ని కాపాడవలసినవాళ్ళు అసలే తోయరాదు అన్నది దాని భావం. ఇది చదివినప్పుడు పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 10వ అధ్యాయం గుర్తుకు రాలేదా? మన శక్తికి మించిన శోధనకు దేవుడు మనలను గురిచేయడు. దేవుడే చేయని పనిని పోలీసు చేయవచ్చునా? శోధించేవాడు అన్న పేరు సువార్తలో ఎవరికి ఉందో మీకు తెలుసు.

కాబట్టి గీత ఇక్కడ ఉంది. జరుగుతున్న నేరాన్ని బయటపెట్టడం వేరు, లేని నేరాన్ని పుట్టించడం వేరు. మన కరువు పల్లెల నుంచి పని ఇప్పిస్తామని చెప్పి ఆడపిల్లలను పెద్ద నగరాల వ్యభిచార గృహాలకు అమ్మిన ఘోరాలు మన జిల్లాకు తెలుసు. పోలీసు ఒకడు విటుడిలా నటించి ఆ తలుపు తట్టి, లోపలున్న పిల్లను కాపాడి బయటకు తెస్తే, అతడు ఆ నేరాన్ని పుట్టించలేదు. గొర్రెను తోడేలు నోటి నుంచి లాగాడు. కానీ పని దొరకని ఒక కుర్రవాడి చుట్టూ పదిరోజులు తిరిగి, డబ్బు ఆశ చూపి, అతడు వద్దన్నా వదలక, చివరికి గంజాయి ప్యాకెట్టు చేతికిచ్చి పట్టుకుంటే, అక్కడ మొదటి దోషి ఎవరు?

వేషం వేసినవాడి ఆత్మ సంగతి కూడా ఆలోచించాలి. గ్రేహౌండ్స్ దళాన్ని తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో కాల్చి చంపారు. ఆ కేసులో నిందితుడైన నయీముద్దీన్ తర్వాత పోలీసులకే కోవర్టుగా ఉపయోగపడ్డాడని, ఆ అండ చూసుకుని హత్యలు, భూదందాలు చేశాడని పత్రికలన్నీ రాశాయి. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్ వద్ద పోలీసు కాల్పుల్లో అతడు మరణించాక, అతని నేరాల విచారణకు తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయవలసి వచ్చింది. పామును పామే కరవాలని పెంచితే, పెంచినవాడి పిల్లలు కూడా ఆ ఇంట్లోనే పడుకుంటారని మరచిపోరాదు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులో మారువేషపు పోలీసులు చనిపోయిన పసిబిడ్డల పేర్లు వాడుకున్నారని, ఉద్యమాల్లోని స్త్రీలను ప్రేమ పేరుతో ఏళ్ళ తరబడి నమ్మించారని బయటపడింది. 2015లో లండన్ పోలీసులు ఏడుగురు స్త్రీలకు క్షమాపణ చెప్పారు. అదే సంవత్సరం ప్రభుత్వ విచారణ సంఘం ఏర్పడింది. చట్టాన్ని కాపాడే పేరుతో ఒక స్త్రీ హృదయాన్ని పనిముట్టుగా వాడటాన్ని ఏ ధర్మమూ ఒప్పదు.

మన ప్రాంతానికి ఇంకొక గాయం ఉంది. ఫ్యాక్షన్ పల్లెల్లో ఆచూకీ చెప్పడమే సగం హత్య. ఎవరు ఏ బస్సెక్కారు, ఏ దారిన వస్తారు అని ఒకడు చెబుతాడు, మరొకడు నరుకుతాడు. పెనుకొండ శాసనసభ్యులుగా ఉన్న పరిటాల రవీంద్ర 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురయ్యారు. ఆ కేసులో నిందితుడైన మద్దెలచెరువు సూరి 2011 జనవరిలో హైదరాబాదులో తన కారులోనే, వెంట ఉన్న అనుచరుడి చేతిలో చనిపోయాడు. నమ్మకం ఆయుధమైన చోట ఎవరికీ నిద్ర ఉండదు. ముప్పై వెండి నాణెములు తీసుకున్న యూదా కూడా చెప్పింది ఒక ఆచూకీయే. ఇచ్చింది ఒక ముద్దే.

అలాగే 'ఇన్ఫార్మర్' అన్న ఒక్క మాట ఎందరి ప్రాణాలు తీసిందో తెలుగు పల్లెలకు తెలుసు. నక్సలైట్లు ఆ ముద్ర వేసి చంపారు. పోలీసులు పేదవాడి అవసరాన్ని చూసి ఆ పనిలోకి దించి, ఆపద వచ్చినప్పుడు వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. సమాచారం ఇచ్చినవాడిని కాపాడలేనప్పుడు అతనిని వాడుకోవడం అన్యాయం.

గురువులకు కూడా ఇందులో ఒక హద్దు ఉంది. పాపసంకీర్తనలో విన్నది ఏ అధికారికీ, ఏ కారణానికీ చెప్పడానికి వీలులేదు. 1996లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒక జైలులో ఖైదీ పాపసంకీర్తనను అధికారులు రహస్యంగా టేపు చేశారు. మరుసటి సంవత్సరం అక్కడి అప్పీలు కోర్టు అది చట్టవిరుద్ధమని తీర్పు ఇచ్చింది. వేగు చెవి చొరబడకూడని చోటు ఒకటి ఉండాలి. అప్పుడే పాపి దేవునివద్దకు తిరిగి రాగలడు.

పోలీసు ఉద్యోగంలో ఉన్న బిడ్డలారా, మీ పని అవసరమైనది, గౌరవమైనది. వేషం వేయవలసి వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను లేకపోయినా ఈ నేరం జరిగేదా? నేను చేసినదంతా రేపు న్యాయమూర్తి ఎదుట దాచకుండా చెప్పగలనా? నా మూలంగా ఒక అమాయకుడు, ఒక బలహీనుడు నలిగిపోతున్నాడా? జవాబు చెప్పలేకపోతే పై అధికారికి వినయంగా చెప్పండి. ఆజ్ఞ అని సరిపెట్టుకోకండి.

తల్లిదండ్రులారా, మీ పిల్లలకు సులువైన డబ్బు చూపించేవాడు పోలీసైనా కావచ్చు, దొంగైనా కావచ్చు. ఇద్దరికీ వద్దనే ధైర్యం ఇంట్లోనే నేర్పాలి. కుటుంబ ప్రార్థనలో ఈ వారం లూకా 20వ అధ్యాయం చదవండి. తనపై వేగులను పంపినవారికి సైతం ప్రభువు అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి సత్యమే చెప్పి, వల దాటిపోయాడు. ఆ వివేకాన్ని, ఆ నిర్మలత్వాన్ని ఆయన మన బిడ్డలకు దయచేయునుగాక. ఆమెన్.