గుహాద్వారమున బిడ్డ భయము

పిల్లలను వెంటబెట్టుకొని ఒక పూట విహారమునకు పోవుట స్వల్ప విషయమనియు, అందు విచారింపదగిన ధర్మసూక్ష్మ మేమియు లేదనియు పలువురు తలంతురు. పులిహోర డబ్బాలో పెట్టుకొని, నీళ్ల సీసాలు సంచిలో వేసికొని, ఆటోను పిలిచి బయలుదేరుదుము; ప్రొద్దు గ్రుంకులోగా ఇల్లు చేరుదుము; ఇంతమాత్రమే కదా యని వారి యభిప్రాయము. బీదరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు మాత్రము ఈ స్వల్ప విషయమునందే ఒక గట్టి ప్రశ్న ఎదురగుచుండును. భయపడి ఏడ్చుచున్న బిడ్డను, వాని మేలుకొఱకే యని నమ్మి, బలవంతముగా ముందునకు తీసికొనిపోవుట పెద్దలకు తగునా, తగదా? మన యూరిలో ఈ ప్రశ్న పుస్తకములలో గాక ఝరణీ నరసింహస్వామి గుహాద్వారమున పుట్టును.

ఆ గుహను చూడని బంధువులకొఱకు నాలుగు మాటలు చెప్పవలెను. మణిచూళ పర్వతశ్రేణి క్రింద ఎఱ్ఱరాతిలో సుమారు 300 మీటర్ల సొరంగము కలదు. దాని పొడవునను ఊటనీరు ప్రవహించుచుండును. లోతు నాలుగైదు అడుగులు. అనగా పెద్దలకు నడుము దాటి ఱొమ్ము వఱకు వచ్చును, ఆఱేండ్ల పిల్లవానికి తల మునుగును. పైకప్పున గబ్బిలములు గుంపులుగా వ్రేలాడుచుండును. సొరంగము చివర గోడపై నరసింహస్వామి, అచ్చటనే శివలింగము. ఆ తావున ఎనమండుగురు నిలిచిన తొమ్మిదవవానికి చోటు లేదు. కావున తక్కినవారు నీటిలోనే నిలిచి తమ వంతుకై వేచియుందురు. స్వామి ఒక రాక్షసుని సంహరింపగా ఆ రాక్షసుడే నీరై స్వామి పాదములకడనుండి పాఱుచున్నాడని స్థలపురాణము. లోపల విద్యుద్దీపములు అమర్చినారు. నీటిమట్టము ఒక్కొక్క ఏడు ఒక్కొక్క తీరుగ నుండును గనుక, బయలుదేరుటకు ముందు ప్రవేశము కలదో లేదో కనుగొనుట మేలు.

జహీరాబాదునుండియు, నారాయణఖేడునుండియు చుట్టములు వచ్చినప్పుడు వారిని ఇచ్చటికి తీసికొనిపోవుట మనకు ఆచారము. ఆ తావులు 1956 నవంబరు 1 వఱకు మన జిల్లాలోనివే. ఆ దినమున జిల్లా మూడు రాష్ట్రముల పాలైనను చుట్టరికములు విడిపోలేదు; సెలవులకు పిల్లలు గుంపులుగా వచ్చుచునే యున్నారు. ఇక గుహ మెట్లు దిగునప్పటి సంగతి. చంటివాండ్రు తండ్రుల భుజములనెక్కి యుందురు. పది పండ్రెండేండ్లవారు ఒకరినొకరు త్రోసికొనుచు నీటిలో దుముకుదురు. నడుమ నున్న నాలుగేండ్లు మొదలు ఎనిమిదేండ్లలోపు పిల్లలకే కష్టము. వారికి చీకటి తెలియును, లోతు తెలియును, కీచుమను గబ్బిలముల కూత చెవిని పడును. వెంటనే అమ్మ చీరకుచ్చెళ్లను పట్టుకొని కదలమని నిలుతురు. బడిలో కన్నడము, అంగడిలో ఉర్దూ మాటాడుచు తెలుగన్నచో నాలుక తడబడు మన మనుమలు సైతము ఆ నిమిషమున స్వచ్ఛమైన తెలుగులో "తాతా, నేను రాను!" అని కేకవేయుదురు. భాష యుండునో ఊడునో యని దిగులుపడువారు ఆ కేక విని కొంత ఊఱట చెందవచ్చును. కాని మన ప్రస్తుతాంశము అది కాదు.

ఆ కేకకు పెద్దలు చెప్పు సమాధానము లెట్లుండునో చూడుడు. ఒకరు "నీళ్లు మోకాళ్లదాకే" నందురు. ఒకరు "చెల్లెలే పోతున్నది, నీకు సిగ్గులేదా?" అందురు. ఒకరు "రాకపోతే దేవునికి కోపము వచ్చు"నని బెదరింతురు. మఱొకరు మాటలతో పనిలేక పిల్లవానిని ఎత్తి భుజమున వేసికొని నీటిలోనికి నడచిపోవుదురు. వాని యేడుపు సొరంగమున పదింతలై ప్రతిధ్వనించును. విన్నవారిలో కొందఱు నవ్వుదురు.

బలవంతముగా తీసికొనిపోవువారి పక్షమున గట్టి న్యాయము లేకపోలేదు. బిడ్డ ఇష్టమునకే అన్నియు విడిచినచో వాడు బడికి పోడు, తల స్నానము చేయడు, సూది వేయించుకొనడు. మొదట వెఱచి పిదప అలవాటుపడి సంతోషించు పనులు లోకమున ఎన్నియో కలవు. ఏడ్చుచు గుహలోనికి పోయి నవ్వుచు వెలుపలికి వచ్చిన పిల్లలను మేమును చూచియున్నాము. "నాకు ఆఱేండ్లప్పుడు మా నాయన ఎత్తుకొని తీసికొనిపోయెను, ఆనాటినుండి చీకటియన్న భయము పోయినది" అని గర్వముతో చెప్పుకొను పెద్దలును మన మధ్య కలరు. వారి మాట అబద్ధమనుటకు మాకు అధికారము లేదు.

అయినను ఒక్క భేదము గమనింపవలసియున్నది. సూది మందు బిడ్డకు అవసరము. అది లేకున్న రోగము వచ్చును. విహార మట్టిది కాదు. అది మనము బిడ్డకు ఇచ్చు కానుక. ఔషధమును ముక్కు మూసియైనను పోయవచ్చును. మిఠాయిని అట్లు పోయుట వింతగా నుండదా? భయము వదలి సంతోషించిన బిడ్డ తరువాత మెచ్చుకొనవచ్చును గాక, మెచ్చుకొనక ఆ రాత్రి నిద్రలో ఉలికిపడిన బిడ్డల లెక్క ఎవరు వ్రాసి యుంచిరి? గెలిచినవారే కథ చెప్పుదురు. కచేరీలో పనిచేసిన దినములలో చిన్న రసీదుకైనను సంతకము లేనిది ఒక కాగితము ఒక బల్లనుండి మఱొక బల్లకు కదలనిచ్చెడివారము కాము. ఒక ప్రాణిని ఱొమ్ములోతు నీటిలోనికి కదల్చునపుడు వాని సమ్మతి అక్కఱలేదని అంత సులువుగా ఎట్లు అనుకొందుము?

పైగా ఆ గుహలో నున్న దేవుడెవరు? పోతన భాగవతము సప్తమ స్కంధమును చదివినవారికిగాని చదువగా విన్నవారికిగాని వేఱుగ చెప్పనక్కఱలేదు. నరసింహావతారమునకు కారణమైనది ఒక తండ్రి బలాత్కారమే. తనకు నచ్చినదే కొడుకునకును నచ్చవలెనని హిరణ్యకశిపుడు పట్టుపట్టెను; గురువులచే చెప్పించెను, ఏనుగులచే త్రొక్కింపజూచెను, కొండలనుండి త్రోయించెను. కొడుకును ఏడ్పించి గుహకు తీసికొనిపోవు తండ్రిని ఆ రాక్షసునితో పోల్చుట అన్యాయమగును. ఇతనికి కలది ప్రేమ, అతనికి కలది అహంకారము. కాని అదే కథలో మఱియొక ఘట్టము కలదు. దానినే తలంపునకు తెచ్చుచున్నాము. స్తంభమునుండి వెడలిన స్వామి ఉగ్రరూపమును చూచి దేవతలు దగ్గఱకు పోజాలరైరి, లక్ష్మీదేవియే వెఱచెను. అప్పుడు బ్రహ్మ ప్రహ్లాదుని సమీపింపుమని కోరెను. ఆ బాలుని చేయి పట్టి ఎవ్వరును ఈడ్వలేదు. కోరగా అతడు తన కాళ్లతో నడచిపోయి స్వామి పాదములపై వ్రాలెను. అంతటి ధైర్యము పిల్లలందఱకు నుండదు, నిజమే. ఉండవలెనని కోరుటయు న్యాయము కాదు. అడుగుట మాత్రము మన చేతిలో నున్నది.

బలవంతముకంటె మాకు ఎక్కువ బాధ కలిగించునది ఆ మోకాళ్లలోతు మాట. భుజముపై ఎత్తుకొని తీసికొనిపోయిన తండ్రి కనీసము దాచలేదు. చేయుచున్నదేదో బిడ్డకు తెలియుచునే చేసినాడు. "మోకాళ్లదాకే" అని చెప్పి దింపినవాడు వేఱు. నాలుగడుగులు వేయులోగా నీరు నడుము దాటును. ఆ క్షణమున బిడ్డ నీటి లోతు నొక్కదానినే కాక, పెద్దల మాట లోతును గూడ కనుగొనును. నీరు మఱునాటికి ఆఱిపోవును. రేపు వైద్యుని యొద్ద "నొప్పి ఉండదు" అన్నను, బడిలో "నేను ఇక్కడే నిలుచుంటాను" అన్నను వాడు నమ్ముటకు ఆధారమేది?

కోటకు పోయినప్పుడు ఇదియంతయు తలక్రిందులగుచుండుట మేము పలుమాఱులు గమనించితిమి. అహ్మద్ షా వలీ గుల్బర్గానుండి రాజధానిని ఇచ్చటికి మార్చి ఈ కోటను బలపఱచి ఆఱు వందల యేండ్లయినది. రాతిని తొలిచిన మూడు వరుసల అగడ్త, దిడ్లు, బురుజులపై పెద్ద ఫిరంగులు, పాడువడిన మహళ్లు, ఇవియన్నియు పిల్లలకు ఆటస్థలములే. అచ్చట వారికి భయ మన్నది లేదు. పిట్టగోడ యెక్కి తొంగిచూతురు, ఫిరంగిపై గుఱ్ఱమువలె కూర్చుందురు. భయమంతయు మనది. "దిగు, పడుదువు, దగ్గఱకు పోకు" అని సాయంకాలము వఱకు గొంతు పోగొట్టుకొందుము. మనము భయపడినందువలన వారు దిగవలెను, వారును దిగుదురు. మన భయమునకు వారు గౌరవ మిచ్చుచున్నారు. గుహయొద్ద వారి భయమునకు మన మిచ్చు గౌరవ మేపాటిది? కోటలో మన భయము వివేకమనియు, గుహలో వారి భయము పిఱికితన మనియు పేరు పెట్టుట తూకము సరియైనది కాదు. చూడబోయిన, తల మునుగు నీటికి వెఱచిన పిల్లవాడు సరిగనే లెక్క వేసినాడు.

భయమునకు మర్యాదతో బదులు చెప్పుట మనకు తెలియక కాదు. మహమూద్ గవాన్ మదరసాకు పోయినప్పుడు చేయుచునే యున్నాము. పారసీక దేశపు గీలాను ప్రాంతమునుండి వచ్చి బహమనీ సుల్తానులకు మంత్రియైన గవాను దానిని 1472 లో కట్టించినాడు. ముందువైపున రెండు మీనారు లుండెడివి, నేడున్నది ఒక్కటి. ఆ మిగిలినదానిని తలయెత్తి చూచి, "ఇది కూడ పడునా?" అని చేయి గట్టిగ పట్టుకొను పిల్లలుందురు. అచ్చట ఎవ్వరును వారిని వెక్కిరింపరు. "1696 లో లోపల నిలువయుంచిన తుపాకిమందు ప్రేలి ఆ రెండవది పోయినది, ఇప్పుడు లోపల మందు లేదు" అని కారణము చెప్పుదుము. బిడ్డ ఒక నిమిషము ఆలోచించి, చేయి వదలి, నీలిరంగు పెంకులను లెక్కపెట్టుటకు పరుగెత్తును. ఇంతటి ఓపిక గుహయొద్ద నెందుకు కరవగును? వెనుక జనము వరుసలో నిలిచియుందురు, టాక్సీవాడు వేచియుండును, చుట్టములు బస్సు తప్పునని తొందరపెట్టుచుందురు. మనము ధైర్యమును నేర్పుచున్నామని చెప్పుకొను చోట్ల సగము పాలు తొందరయే పని చేయుచుండును.

సరే, బిడ్డ రానన్నాడు, ఏమి చేయవలెను? ఎవరో ఒకరు వెలుపల వానితో ఉండవలెను. ఇచ్చట మఱియొక ధర్మసందేహము పుట్టును. ప్రతి పర్యాయము వెలుపల మిగులునది ఎవరు? చాల కుటుంబములలో అవ్వయో, తల్లియో. చిత్రమేమనగా, స్వామి దర్శనముకొఱకు ఉపవాసముండి వచ్చినవారును వారే. మగవారు తడిబట్టలతో నవ్వుచు తిరిగి వచ్చి లోపలి సంగతులు వర్ణించుచుండగా, సంచులకును పిల్లవానికిని కాపలాయున్న ఆ తల్లి మౌనముగా తువాళ్లు అందించును. ఇది సరికాదు. వంతులు వేసికొనవలెను; మొదటి వంతు ఆమెదే కావలెను. మా బోటి తాతలు ఎన్నియో మాఱులు దర్శనము చేసికొన్నవారము. పిల్లవానితో మెట్లపై కూర్చుండుటకు మాకంటె తగినవారెవరు? కూర్చున్నచో పొద్దుపోని దేమియు లేదు. ఎవరు తడిసి వచ్చిరి, ఎవరి చెప్పులు మాఱినవి, ఏ కోతి ఎవరి కొబ్బరిచిప్ప ఎత్తుకొనిపోయెను, అన్నియు వాడు చెప్పుచుండును. కొంతసేపటికి తానే దిగి నీటిలో పాదము పెట్టి "చల్లగున్నది" అనును. అడుగకుండ నుండుటయే ఆ సమయమున మన పని.

అన్నింటికంటె చిక్కైనది మ్రొక్కుల సంగతి. సంతానము కోరి ఈ స్వామికి మ్రొక్కుకొని, కలిగిన బిడ్డను తెచ్చి చూపెదమని మాట యిచ్చినవారు కలరు. బిడ్డ మూడేండ్లవాడై, గుహ మెట్లపై గుక్కపట్టి యేడ్చును. దేవునికిచ్చిన మాట తప్పరాదు, బిడ్డను హింసింపరాదు. ఇట్టివారికి "మానుడు" అని చెప్పుట సులువు కాదు, ఆ మ్రొక్కు వెనుక ఎన్ని యేండ్ల దుఃఖమున్నదో చెప్పువారికి తెలియదు గనుక. మా మట్టుకు మాకు తోచునది ఇంతే: మాట ఇచ్చినది తల్లిదండ్రులు, ఋణము వారిది. వారు ముందుగా పోయి ఱొమ్ములోతు నీటిలో తమ మ్రొక్కు తీర్చుకొనవచ్చును. బిడ్డను ద్వారమువద్ద తాత చేతిలో ఉంచి, "వీడు వచ్చినాడు, మెట్లమీద ఉన్నాడు" అని స్వామితో విన్నవించుకొనవచ్చును. వాని పాదములు తామై నీటిని కోరిన యేటికి వాడే నడచి పోవును. ఆ యేడు పదవదైనను సరే.