ఉయ్యాల దగ్గర న్యాయం

మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. పగలంతా ఇంట్లో మగ్గిన పిల్లల్ని అస్ర్ నమాజు తర్వాత గుంటూరు గాంధీ పార్కుకో, దగ్గరలోని మరో పార్కుకో తీసుకెళ్తాం. ఇది వృథా కాలక్షేపం కాదు. తన పదిమంది పిల్లల్లో ఎవరినీ ఎన్నడూ ముద్దాడలేదన్న వ్యక్తితో, కరుణించనివాడు కరుణకు నోచుకోడని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

అయితే అసలు పరీక్ష ఉయ్యాల దగ్గర మొదలవుతుంది. మన బాబు ఊగుతుంటాడు. మిర్చి యార్డులో టిక్కీలు మోసే కూలీ కూతురు పక్కన నిలబడి చూస్తుంటుంది. ‘ఇంకాసేపు ఊగనీలే’ అనిపిస్తుంది మనకు. మేమూ ఇక్కడ తడబడినవాళ్ళమే. ఇది ప్రేమా, పక్షపాతమా?

హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి)కు తండ్రి ఒక కానుక ఇచ్చారు. మిగతా పిల్లలకు ఇవ్వలేదని తెలిసి ప్రవక్త (స) దానికి సాక్షిగా ఉండటానికి నిరాకరించారు. అది సొంత బిడ్డల మధ్య న్యాయం. దివ్య ఖుర్ఆన్ (4:135) ఇంకా ముందుకెళ్ళి, మనకూ మన అయినవారికీ వ్యతిరేకమైనా సరే న్యాయంపైనే నిలబడమంటుంది.

‘పసివాడికి న్యాయం ఏం తెలుసు?’ అనవచ్చు. నిజమే, బాధ్యత వాడిపై లేదు, మనపై ఉంది. వాడు మన మాటకన్నా ముందు మన నడతను చూసి నేర్చుకుంటాడు. ఈరోజు ఇతరుల వంతు కాజేయడం తప్పుకాదనుకున్నవాడు రేపు పత్తి తూకంలో తప్పు చూస్తాడా?

మగ్రిబ్ వేళకు పిల్లల్ని ఇల్లు చేర్చాలి. ఆలోగానే ‘ఇక నీ వంతు తల్లీ’ అని ఆ పాపను పిలుద్దాం. అల్లాహ్ మన ప్రేమను న్యాయంతో అలంకరించుగాక! ఆమీన్.