లెక్కయు, ఎఱుకయు

బడిగంట మ్రోగిన పిమ్మట ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెఱచి పేరు పిలుచును; పిల్లవాడు పలుకును. ఇందులకు పట్టు కాలము పది నిమిషములు. ఆ పది నిమిషములును వ్యర్థమనియు, చేతివ్రాతలో పొరపాట్లు దొరలుననియు, బిడ్డ బడికి చేరినదో లేదో తల్లిదండ్రులకు వెంటనే తెలియదనియు చెప్పి, నేడు అనేక పాఠశాలలు ద్వారముకడ ఆర్.ఎఫ్.ఐ.డి. కార్డులను చదువు యంత్రములను నిలుపుచున్నవి. ఈ హేతువులలో ఏదియు అసత్యము కాదు. అయినను, పిలుపునకు మాఱుగా యంత్రమును నిలిపినపుడు ఏది మిగులుచున్నదో, ఏది తొలగుచున్నదో విచారింపవలసియున్నది.

యంత్రము చేయు పని స్వల్పము. పిల్లవాని మెడలోని కార్డునందు సన్నని తీగచుట్టయు, చిన్న చిప్పును ఉండును. సాధారణముగా బ్యాటరీ ఉండదు. రీడరునుండి వెలువడు రేడియో తరంగములే దానికి శక్తి నిచ్చును. ఆ శక్తితో కార్డు తన సంఖ్యను తెలుపును. కంప్యూటరు ఆ సంఖ్యకెదుట పేరును, వేళను నమోదుచేసి, ఇంటికి సందేశము పంపును. ఇందు యంత్ర మెఱిగినది కార్డును మాత్రమే. ఒక బాలుడు స్నేహితుని కార్డును గూడ తెచ్చి తాకించినచో ఇద్దఱును వచ్చినట్లే లెక్క. కార్డు ఇంట మఱచిన బాలిక తరగతిలో మొదటి వరుసను కూర్చున్నను రానట్లే లెక్క. ఈ తప్పులను సరిదిద్దగలవాడు ఆ పిల్లల ముఖము లెఱిగిన ఉపాధ్యాయుడే.

లెక్క తేలికగా తీసివేయదగినదని దీనికర్థము కాదు. భారతదేశమున మధ్యాహ్నభోజనమునకు బియ్యము పిల్లల సంఖ్యను బట్టియే వచ్చును. రాని పిల్లలను వచ్చినట్లు వ్రాయుట ఆ అన్నమును దొంగిలించుటయే యగును. తెల్లవాఱకమునుపే కూలికి పోవు తల్లికి, బిడ్డ బడి చేరినదను చిన్న సందేశము దినమంతటి నిశ్చింత. కావున లెక్కింపవచ్చునా యనునది ప్రశ్న కాదు. ఎవరి కొఱకు లెక్కించుచున్నారనునదియే ప్రశ్న.

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, శాన్ ఆంటోనియో నగరపు నార్త్‌సైడ్ పాఠశాలా మండలము 2012లో రెండు పాఠశాలలందలి సుమారు 4,200 మంది విద్యార్థులకు ఇట్టి కార్డుల నిచ్చెను. ఆ రాష్ట్రమున బడులకు అందు ప్రభుత్వధనము దినదినపు హాజరును బట్టి నిర్ణయింపబడును. ఆవరణములోనే ఉండియు, పేరు పిలుచువేళ తరగతిలో లేని పిల్లవాని వలన ఆ ధనము తగ్గును. కావున ఎవ రెక్కడ నున్నదియు తెలిసికొన మండలము తలచెను. ఒక విద్యార్థిని మతవిశ్వాసమును బట్టి కార్డును నిరాకరించెను. చిప్పు తీసిన కార్డునైనను ధరింపుమని అధికారులు చెప్పిరి. అట్లు చేసినను ఆ పథకమునకు సమ్మతించినట్లే యగునని ఆమె పక్షమువా రొప్పుకొనలేదు. 2013 జనవరిలో న్యాయస్థానము ఆమె అభ్యర్థనను త్రోసిపుచ్చెను. అదే యేడు మండలము తనంత తానే పథకమును విరమించుకొనెను. ఆశించిన ఫలము కానరాలేదు. అంతకు పూర్వము, 2005లో, కాలిఫోర్నియాలోని సటర్ అను చిన్న ఊరి బడిలో తల్లిదండ్రు లాక్షేపింపగా కొలది వారములలోనే ఇట్టి కార్డులు తొలగింపబడెను.

భారతదేశమున 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టునకు చెందిన తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిరి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున పిల్లల జాడను వెంబడించుటపై నిషేధము చేర్చబడెను. 2025 నాటి నియమములలో విద్యాకార్యములకును, పిల్లల భద్రతకును విద్యాసంస్థలకు మినహాయింపు లభించెను. చట్టము అనుమతించినంతమాత్రమున ధర్మవిచారము ముగియదు. అది అచ్చటనే మొదలగును.

ఒక భేదమును గమనింపవలయును. దగ్గఱకు తెచ్చి తాకించు కార్డు కొన్ని అంగుళముల దూరముననే పనిచేయును. తాకించుట పిల్లవాడు తెలిసి చేయు పని. ఒక విధమున అదియును పలుకుటయే. కొన్ని గజముల దూరమునుండి చదువు రీడరు వాని నేమియు నడుగదు. తన్ను చదివినట్లు వానికి తెలియను తెలియదు. మొదటిది వాకిట పలుకరింపు, రెండవది చాటునుండి చూపు. చిన్నతనమున చాటుచూపునకు అలవాటుపడిన పిల్లవాడు, నమ్మకమనగా నేమో ఎచ్చట నేర్చుకొనును?

ఇక రాని పిల్లవాని మాట. పిలిచినపుడు పలుకని పేరు తరగతి నంతటిని ఒక్క క్షణము నిశ్శబ్దము చేయును. అంతలో వెనుక బల్లనుండి ఎవరో, "వాడికి జ్వరమండీ" అందురు. "వాళ్లు చెఱకు కోతకు వెళ్లిపోయినారండీ" అందురు. "ఆ పిల్లకు పెండ్లి చేస్తున్నారండీ" అందురు. ఈ మూడు మాటలలో ఏదియు కార్డునం దుండదు. యంత్రమును గైరుహాజరును వ్రాయును. కాని ఆ నిశ్శబ్దమును వినువారు అచ్చట లేరు.

ద్వారముకడ యంత్రము నుండనిండు. ఇంటికి సందేశము పోనిండు. పిమ్మట తరగతిలో పేర్లు పిలుచుట మాత్రము మానరాదు. యంత్రమువలన ఉపాధ్యాయునకు పది నిమిషములు మిగిలినచో, పలుకని పేరుగల బిడ్డ ఇంటికి పోయి విచారించుటకే అవి చెందవలయును.