దానముతో ఋణము తీరునా?
(కాన్సరు నివారణలో సంఘమునకును వైద్యులకును గల బాధ్యతను గూర్చి)

మన వర్తక కుటుంబములలో లెక్క తెలియనివారుండరు. రాత్రి కొట్టు కట్టునప్పుడు చిట్టా సరిచూచుకొనక ఇంటికి పోవువాడు వర్తకుడే కాడని పెద్దలందురు. అయితే ధర్మము విషయమున మనము వేయు లెక్క కూడ అంత జాగ్రత్తగా నున్నదా? ఆసుపత్రికి ఒక గది కట్టించితిమి. బీదరోగుల మందులకు ఇంత సొమ్ము వ్రాసితిమి. తండ్రిగారి పేర చలువరాతి పలక గోడకు అమర్చితిమి. ఇవన్నియు జమకట్టదగినవే. బాకీ వైపు ఏమున్నదో తిరుగవేసి చూచువారు మాత్రము తక్కువ. కాన్సరు అను వ్యాధి మనచేత ఆ రెండవ పుటను తెరిపించుచున్నది.

ఆహార, ఔషధ, శాస్త్ర, అభయ దానములని దానము నాలుగు విధములని చిన్ననాటి నుండి వినుచున్నాము. మొదటి రెండింటిలో మనవారు ఎవరికిని తీసిపోరు. తెలియనివానికి తెలియజెప్పుట, భయపడినవాని భయము తీర్చుట అను తక్కిన రెండింటికి సొమ్మంతగా అక్కరలేదు. అందుచేతనే కాబోలు, వానిని దానములుగా లెక్కించుటయే మరచితిమి. కాన్సరు ముఖ్యముగా కోరునవి ఈ రెండే.

ఏలయనగా, ఈ వ్యాధిలో కాలమే సగము మందు. నోటిలో మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, రొమ్ములో గడ్డ, నెలసరి నిలిచిపోయిన తరువాత రక్తము కనబడుట - ఇట్టి గుర్తులు కనబడిన తొలిదినములలో వైద్యుని చేరినవారిలో పెక్కుమందికి స్వస్థత కలుగుచున్నది. అదే రోగము ముదిరిన పిమ్మట ఎంత ధనవంతుడైనను చేయగలిగినది కొంచెమే. గర్భాశయ ముఖద్వారపు కాన్సరు ఏర్పడుటకు ముందు చాలా ఏండ్లు పట్టును. ఆ నడుమ పరీక్ష చేసినచో రాబోవు రోగమును రాకుండగనే ఆపవచ్చును. మనము కట్టించిన గదిలోనికి రోగి వచ్చునప్పటికే ఆలస్యమైనచో, ఆ గది దుఃఖమునకు నీడ నిచ్చును గాని ప్రాణమును నిలుపజాలదు. రోగి గుమ్మము దాటి వచ్చుటకు పూర్వము జరుగవలసిన పని యొకటి కలదు. అది వైద్యుని చేతిలో లేదు. మన చేతిలో నున్నది.

సంఘమును వైద్యులును కలిసినచో ఏమి జరుగునో మనకు తెలిసిన ప్రాంతములలోనే నిదర్శనములు కలవు. మద్రాసు అడయారులోని కాన్సరు ఇన్‌స్టిట్యూటును 1954లో కేవలము 12 పడకలతో ఆరంభించిరి. దానిని నెలకొల్పినది ప్రభుత్వము కాదు. ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ అను మహిళా సంఘము. 1923లో తన చెల్లెలు కాన్సరుతో మరణించుట చూచిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు దాని వెనుక నిలిచిరి. ఇంటింట చందా లడిగినవారు స్త్రీలు. చికిత్స చేసినవారు వైద్యులు. 1955లో అచ్చట చేరిన డాక్టరు శాంతగారు 2021లో కన్నుమూయువరకు ఆ సంస్థనే ఇల్లుగా చేసికొనిరి. ఒక ఇంటి దుఃఖము ఆ ఇంటిలోనే మురిగిపోక ఊరికి ఉపకారమైన తీరు ఇది.

రెండవ నిదర్శనము తెలుగువారు తరతరములుగా స్థిరపడియున్న షోలాపూరు ప్రాంతమునకు చెందినది. ఆ జిల్లాలోని బార్శీ పట్టణములో నర్గీస్ దత్ స్మారక కాన్సరు ఆసుపత్రి యున్నది. 1987 నుండి అచ్చటి పల్లెలలో కాన్సరు రోగుల లెక్కను వ్రాయుట మొదలిడిరి. మన దేశమున పల్లెల కొరకు ఏర్పడిన మొదటి కాన్సరు నమోదు ఇదియే. పల్లెలలో రోగులు ఆసుపత్రికి రారు గనుక లెక్క వ్రాయువారే పల్లెలకు పోయి, పెద్దలను కూర్చి, గుర్తులను వివరించి, అనుమానము గలవారిని ఆసుపత్రికి పంపిరి. తదుపరి పొరుగున నున్న ఉస్మానాబాదు జిల్లాలో (ఇప్పటి పేరు ధారాశివ్) 30 మొదలు 59 ఏండ్ల వయస్సుగల 1,31,746 మంది స్త్రీలతో ఒక పెద్ద పరిశోధన జరిగినది. దాని ఫలితము 2009లో వెలువడినది. గర్భాశయ ముఖద్వారపు కాన్సరునకు మూలమైన హెచ్.పి.వి. అను సూక్ష్మజీవి ఉన్నదా లేదా యని జీవితములో ఒక్కసారి పరీక్షించి, అవసరమైనవారికి చికిత్స చేసినందున, ఆ కాన్సరు మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. ఆ పరీక్షకు పిలువబడిన పల్లెటూరి స్త్రీలలో నూటికి సుమారు 80 మంది వచ్చిరి! 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశము మొత్తమున 30-49 ఏండ్ల స్త్రీలలో ఎన్నడైనను ఇట్టి పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనను లేరు. ఎనుబదికిని రెండునకును నడుమ నున్న ఆ అంతరము యంత్రముల వలన కలిగినది కాదు. మాట చెప్పినవారును వెంటబెట్టుకొని పోయినవారును ఉండుట, లేకపోవుటయే దానికి కారణము.

ఆ పరిశోధనలో పోలిక కొరకు ఒక వర్గపు స్త్రీలకు పరీక్ష జరుపలేదనియు, అది న్యాయమా యనియు తరువాత చర్చ నడిచినది. ఆ చర్చయు మనకు అవసరమే. ప్రజలు వైద్యులను నమ్మవలెనన్నచో, వైద్యులు కూడ ప్రజలను అంకెలుగా గాక మనుష్యులుగా చూడవలెను.

మూడవది శ్రీకాకుళము జిల్లా. అచ్చటను, దానికి ఎగువ ఒరిస్సాలోని గంజాం ప్రాంతమునను చుట్టను తిరుగవేసి, నిప్పు నోటిలోపల నుంచి త్రాగు అలవాటు కలదు. దానిని అడ్డపొగ యందురు. పురుషులకంటె స్త్రీలలోనే ఇది హెచ్చు. అందుచేత అంగిలి మీద కాన్సరు పుట్టుచున్నది. టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్యులు శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరు జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడుకరులను ఏటేట కలిసికొని, నోళ్ళు పరీక్షించి, మానుమని నచ్చజెప్పిరి. 1986లో వెలువడిన ఫలితములను బట్టి కొందరు పూర్తిగా మానిరి, మరికొందరు తగ్గించిరి. కాన్సరునకు పూర్వరూపములైన మచ్చలు కూడ తగ్గినవి. ఈ పని కత్తి లేకుండ, మందు లేకుండ జరిగినది. శాస్త్రదానమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము ఏమి కావలెను?

ఇక మన అంగడి సంగతి. విషవాణిజ్యము శ్రావకునకు తగదని నిషిద్ధమైన పదునైదు వృత్తులలో చెప్పబడినది. విషమనగా పాషాణము మాత్రమేనా? పొగాకు కాన్సరును కలిగించునని లోకమంతయు ఎరుగును. పొగాకు కలియని ఒట్టి వక్క కూడ కాన్సరు కారకమని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించినది. గుట్కాను నిషేధించిన చోట్ల వక్కపొడి ఒక పొట్లములోను, పొగాకు మరియొక పొట్లములోను ఉంచి అమ్ముట చూచుచునే యున్నాము. చట్టము పొట్లములను వేరుచేసినను కొన్నవాని నోటిలో అవి ఒకటే యగును. పదునెనిమిది ఏండ్లు నిండనివానికి పొగాకు అమ్మరాదనియు, పాఠశాలకు నూరు గజముల లోపల అమ్మరాదనియు 2003 నాటి చట్టము చెప్పుచున్నది. అది చట్టము గీచిన గీత. ధర్మపు గీత అంతకంటె ముందుగానే యుండవలెను గదా!

“నేను అమ్మకున్న ప్రక్కవాడు అమ్మును” అని కొందరు చెప్పుదురు. ప్రక్కవాని పద్దు ప్రక్కవాని చిట్టాలో పడును. మన చిట్టాలో మన పద్దే. పొగాకు మీద రైతు, బీడీలు చుట్టు స్త్రీ, కూలివాడు బ్రతుకుచున్నారనుట నిజమే. ఆ మాట తేలికగా తీసివేయదగినది కాదు. కనుకనే ఒక్కనాట మూసివేయుమని ఎవరును అడుగరు. అయితే ఏటేట ఆ సరకు తగ్గించుకొని వేరు సరకు పెంచుకొనుట వర్తకునకు చేతగాని పని కాదు. ఆ లాభములో కొంత తీసి కాన్సరు ఆసుపత్రికి ఇచ్చుట మాత్రము, ఒక చేత గాయపరచి రెండవ చేత కట్టు కట్టుట వంటిది. అట్టి దానము పుచ్చుకొన్న రోగికి మేలు జరుగవచ్చును. ఇచ్చినవాని ఋణము మాత్రము తీరదు.

“అంతయు కర్మఫలము; అనుభవింపక తప్పునా?” అను మాటయు వినబడుచుండును. గోదాములో నిప్పు అంటుకొన్ననాడు ఈ మాట అనువాడెవడు? బిందెలతో పరుగెత్తుదుము. కర్మ సిద్ధాంతము మన నడవడిని సరిదిద్దుకొనుటకు చెప్పబడినదే గాని, ఎదుటివాని బాధకు తీర్పు చెప్పుటకు కాదు. మంచమెక్కినవానితో “నీ పూర్వకర్మ” అనుట మాటతో చేయు హింస.

ఇంతకంటె బలమైనది సిగ్గు. ఇంటిలో కాన్సరున్నదని తెలిసినచో పిల్లకు సంబంధములు రావను భయముతో తల్లులు గడ్డను కొంగుచాటున దాచుకొనుచున్నారు. ఈ రోగము అంటువ్యాధి కాదు. వంశపారంపర్యముగా వచ్చునది నూటికి 5 నుండి 10 వరకు మాత్రమే. ఇట్టి సంబంధములు కుదుర్చువారము మనమే గనుక, ఈ భయమును పుట్టించువారమును మనమే. రోగము పేరు చెప్పి సంబంధము వదలుకొనము అని పదిమంది పెద్దలు సభలో నిలిచి పలికినచో, ఎందరో తల్లులు మరునాడే వైద్యుని యొద్దకు పోవుదురు. అభయదానమనగా ఇదియే.

వైద్యుల వైపు ఋణము లేకపోలేదు. కర్ణాటకములో, మహారాష్ట్రములో, ఒరిస్సాలో నివసించు మన ముసలి తల్లులకు ఇంటి తెలుగు తప్ప వేరు మాట రాదు. వైద్యుడు రెండు నిమిషములలో వేరు భాషలో చెప్పినది వారికి శాపమువలె వినబడును. నెమ్మదిగా చెప్పుట, ఖర్చు ముందే తెలుపుట, రహస్యము కాపాడుట వైద్యధర్మములు. శిబిరము పెట్టి, వందమందిని చూచి, ఛాయాచిత్రము తీయించుకొని వెళ్ళిపోవుట చాలదు. అనుమానము గలదని చెప్పి తదుపరి దారి చూపక వదలిపెట్టుట అభయదానము కాదు, భయదానము.

కావున సంఘము చేయవలసినది స్పష్టము. ప్రతి ఊరిలోను రోగి వెంట ఆసుపత్రికి పోయి, మాట తర్జుమా చేసి, ముక్క పరీక్ష ఫలితము వచ్చువరకు విడువని ఇద్దరు మనుష్యులను ఏర్పరచవలెను. వారిలో ఒక స్త్రీ తప్పక యుండవలెను. 30 ఏండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షించు ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో కలదు. మన ఇంటివారినే గాక, మన గుమాస్తాను, హమాలీని, వారి భార్యలను కూడ ఒక పూట జీతము కోయకుండ అచ్చటికి పంపవలెను. 9 మొదలు 14 ఏండ్ల ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేయించుటను గూర్చి వైద్యుని పిలిపించి తల్లులకు చెప్పించవలెను. వీనికి కావలసిన ధనము స్వల్పము. కావలసినది మన కాలము, మన నోటి మాట, మన కాళ్ళ నడక.

దానము ఋణమును తీర్చునా యన్న ప్రశ్నకు సమాధానము ఇదియే: చేతిలోని సొమ్ముతో ఋణములో ఒక భాగమే తీరును. తక్కినది మనమే వెళ్ళి తీర్చవలెను. రాబోవు సంవత్సరమున మన చిట్టాలో ఇచ్చిన రూపాయలతో బాటు, వేళకు వైద్యుని గుమ్మము చేర్చిన మనుష్యుల లెక్కయు కనబడుగాక!