టిఫిన్ డబ్బాలో ఏముంది?

నేను మాదిగోణ్ణి. బోరబండ బస్తీలో పెరిగాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు సర్కారు బడిలో సోషల్ చెబుతున్నాను. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో భాగం నాకు కంఠతా వచ్చు. కులం పేరు చెప్పి ఎవరినీ దుకాణాల్లోకి, హోటళ్ళలోకి, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపగూడదు. ప్రజల బావులు, చెరువులు వాడుకోకుండా అడ్డుకోగూడదు. పోయినేడు తొమ్మిదో తరగతిలో ఇది చెబుతుంటే ఒక పిల్లగాడు లేచాడు.

‘‘సార్, మాల్‌లకు మనల్ని రానిస్తరా?’’

‘‘ఎందుకు రానియ్యర్రా, చట్టముంది’’ అన్నాను. వాడు నమ్మినట్టు లేదు.

ఆ సంగతి ఇంట్లో చెబితే మా అవ్వ ‘‘నన్నొకపారి తోల్కపో’’ అంది. అవ్వా నాయినా పాలమూరు నుంచి వలసొచ్చిన కూలీలు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినంక ఆ దిక్కు లేచిన మేడల్లో ఎన్నిటికి ఇటుకలు మోసిందో అవ్వకే లెక్క లేదు. మేం పోయిన మాల్‌కు కూడా నాలుగు నెలలు మోసింది. బోరబండలో ఎమ్మెమ్టీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అయినా కట్టడం అయిపోయినంక అవ్వ మళ్ళీ అటు పోలేదు.

ఒక ఆదివారం పోయాం. ముందు గేటు చూసి ‘‘దర్వాజ ఈడున్నదా? నాకు ఎన్క దిక్కే ఎర్క’’ అని నవ్వింది. సెక్యూరిటీ పిల్లగాడు అవ్వ సంచి చూశాడు. స్టీలు డబ్బా కనిపించింది.

‘‘ఏముందన్నా ఇందుల?’’

జొన్నరొట్టెలు, తునకల కూర. అవ్వ పొద్దున్నే లేచి వండింది. నా వెనక వరుసలో సెంటు వాసనలు, ఇంగ్లీషు మాటలు.

‘‘సొరకాయ కూర’’ అన్నాను.

వాడు మూత కూడా తియ్యలేదు. ‘‘బయటి తిండి లోపలికి రాదన్నా, ఈడ పెట్టిపోండ్రి’’ అన్నాడు. అవ్వ నా మొహం చూసింది. డబ్బా తీసి సంచిలో పెట్టుకుని ‘‘నువ్వు సూసిరా పో బిడ్డా, నేను మెట్ల మీద కూసుంట’’ అంది.

1927లో మహద్‌లో అంబేద్కర్ చవుదార్ చెరువు నీళ్ళు తాగినప్పుడు, వద్దనేవాళ్ళు ఎదురుగా ఉన్నారు. 1985లో కారంచేడులో మాదిగలను వెంటాడి చంపినవాళ్ళకు మొహాలున్నాయి, ఊరుంది. నా ఎదురుగా ఎవరున్నారు? ఆ పిల్లగాడు తప్పేం చేశాడు? బయటి తిండి ఎవరిదైనా వాడు ఆపుతాడు. పులిహోర తెచ్చినవాణ్ణి కూడా ఆపుతాడు. కాకపోతే పులిహోర తెచ్చినవాడు పులిహోర అనే చెబుతాడు.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పెద్దకూర పండుగ చేసినప్పుడు నేను వరుసలో నిలబడి తిన్నవాణ్ణే. నినాదాలిచ్చినవాణ్ణే. మరి పదకొండేళ్ళుగా స్టాఫ్ రూంలో నా డబ్బాలో పప్పు తప్ప ఇంకోటి ఎందుకు లేదు? తేవద్దని ఒక్కరూ అనలేదు. అననివ్వలేదు నేను. యూనియన్ మిత్రుడికి చెబితే ‘‘అది నీ న్యూనతాభావం, పోగొట్టుకో’’ అన్నాడు. నాకది సగమే నిజమనిపిస్తుంది. ఈ సిగ్గు నేను పుట్టించుకున్నది కాదు. చిన్నప్పుడు పక్కవాడు నా డబ్బా చూసి ముక్కు మూసుకుని లేచిపోయిననాడు నేర్చుకున్నది. అయితే నేర్పినవాళ్ళది తప్పని నన్ను నేను వదిలేసుకోవచ్చా? నేర్పినవాడు ఆ గేటు దగ్గర లేడు. అబద్ధం చెప్పిన నోరు నాది. సిగ్గుపడింది మాత్రం అవ్వ. ఆపినవాడికి చట్టంలో శిక్ష ఉంది. దాచినవాడి సంగతి ఏ అధికరణంలో ఉంది?

ఇంత ఆలోచించానని అనుకోకండి ఆ పూట. నేను లోపలికి పోయాను. ఎస్కలేటరెక్కాను, దిగాను. రెండు వందలు దాటిన కాఫీ కొన్నాను, జీతమొస్తుంది కదా. అవ్వ మోసిన ఇటుకలు ఏ గోడలో ఉన్నాయో చూద్దామనుకున్నాను. గోడలన్నీ అద్దాలు, మెరిసే బొమ్మలు.

బయటికొచ్చేసరికి అవ్వ మెట్ల మీద డబ్బా తెరుచుకుని కూర్చుంది. ఒక రొట్టె తినేసింది. రెండోది నా దిక్కు జరిపింది.

‘‘సొరకాయ కూర ఉన్నది, తింటవా?’’

తిన్నాను. ఆ పిల్లగాడిప్పుడు పదో తరగతి. వాడికి ఇంకా సరైన జవాబు చెప్పలేదు.